జున్ను తనంతట తాను తినాలంటే

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా ఇంట్లో మూడు నెలల షిట్జు జాతి ఆడ కుక్కపిల్ల ఉంది, పేరు జున్ను. నలభై రోజుల పిల్లగా ఉన్నప్పుడు హైదరాబాదు నుంచి తెప్పించుకున్నాం. ఇప్పటికి ఒక్క టీకాయే పడింది. పోయిన వారం వాంతులు, నెత్తుటి విరేచనాలు పట్టుకుంటే పాలకొల్లు తీసుకువెళ్లాం. పార్వో (కుక్కపిల్లల పేగుకు సోకే వైరస్ జబ్బు) అన్నారు. ఐదు రోజులు సెలైన్ ఎక్కించారు, దేవుడి దయవల్ల బతికింది. ఇంటికి వచ్చి మూడు రోజులైంది. వాంతులు లేవు, విరేచనం గట్టిపడుతోంది, నీళ్లు కొద్దిగా తాగుతోంది. తిండి మాత్రం ముట్టడం లేదు. మా అత్తయ్యగారు కాళ్లు చాపుకుని, దాన్ని వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టి, పసిబిడ్డకు ఉగ్గు పట్టినట్టు పాలన్నం మెత్తగా చేసి సిరంజితో పోస్తున్నారు. సగం ఉమ్మేస్తోంది. ఇప్పుడు సిరంజి కనబడితే చాలు, మంచం కిందకు దూరిపోతోంది. మామయ్యగారేమో “రెండు రోజులు ఏమీ పెట్టకండి, ఆకలేస్తే అదే తింటుంది” అంటున్నారు. జబ్బుకు ముందు 1,600 గ్రాములు ఉండేది, ఇప్పుడు 1,250. ఇది మళ్లీ తనంతట తాను తినాలంటే ఏం చేయాలి?

సమాధానం: అమ్మా, ముందు మీ మామయ్యగారి సలహా సంగతి చెబుతాను, ఎందుకంటే ప్రాణాపాయం అక్కడే ఉంది. జున్నును ఒక్క పూట కూడా పస్తు ఉంచకండి. కొబ్బరితోటలో కాపలా ఉండే పెద్ద కుక్క విషయంలో ఆయన మాట చాలావరకు చెల్లుతుంది. ఆయన జీవితమంతా చూసినవి అలాంటి కుక్కలే కాబట్టి ఆ మాట అన్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ షిట్జు, పొమేరియన్, చివావా, మాల్టీస్ వంటి బుల్లి జాతుల పిల్లల సంగతి వేరు. తిన్నదాంట్లో మిగిలిన చక్కెరను శరీరం కాలేయంలో, కండల్లో గ్లైకోజన్‌గా దాచుకుని, తిండి లేనప్పుడు తీసి వాడుకుంటుంది. కిలోంపావు పిల్లకు కాలేయం ఎంత, కండ ఎంత? పైగా ఒంటితో పోలిస్తే దాని తల పెద్దది, మెదడుకేమో చక్కెర నిరంతరం అందుతూ ఉండాలి. పెద్ద కుక్కది గాదె నిండా ధాన్యం ఉన్న ఇల్లనుకుంటే, జున్నుది ఏ పూటకాపూట బియ్యం కొనుక్కునే ఇల్లు. ఆ కొద్దిపాటి నిల్వను కూడా పార్వో ఊడ్చేసింది. వారం రోజుల్లో మూడున్నర వందల గ్రాములు తగ్గిందంటే ఒంటి బరువులో ఐదో వంతుకు మించి పోయిందన్నమాట.

ఇలాంటి పిల్ల కొన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉంటే చాలు, రక్తంలో చక్కెర పడిపోతుంది. మొదట మందకొడిగా, నిద్రమత్తుగా కనిపిస్తుంది. “పాపం, అలసిపోయి పడుకుంది” అని ఇంట్లోవాళ్లు దుప్పటి కప్పి వదిలేస్తారు. ఇక్కడే మోసపోతాం. తర్వాత నడకలో తూలుతుంది, తల వాల్చేస్తుంది, ఒళ్లు వణుకుతుంది, చివరికి ఫిట్స్ వచ్చి స్పృహ తప్పుతుంది. అందుకని గ్లూకోజ్ పొడి, తేనె రెండూ జున్ను ఉండే గదిలోనే చేతికందేలా పెట్టుకోండి. పిల్ల తూలుతున్నా, పిలిస్తే పలకకపోయినా పావు చెంచా తేనెను గానీ, నాలుగు చుక్కల నీళ్లలో చిక్కగా కలిపిన గ్లూకోజును గానీ వేలికి అద్దుకుని పెదవి లోపల చిగుళ్లకు రాయండి. స్పృహ సరిగా లేని పిల్ల నోట్లో ఏదీ పోయవద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్‌లో ఉంటే పళ్ల మధ్య వేలు పెట్టకండి, పళ్లకు బయటి వైపు, పెదవి లోపలి అంచుకే రాయండి. ఒంటికి గుడ్డ చుట్టి వెచ్చగా ఉంచండి. కొన్ని నిమిషాల్లో తేరుకుంటే వెంటనే కొద్దిగా తిండి పట్టించి డాక్టరుకు ఫోను చేయండి. తేరుకోకపోతే ఫోనుతో కాలయాపన చేయకుండా బయలుదేరండి, దారిలో కూడా చిగుళ్లకు రాస్తూనే ఉండండి. తేనెతో పెరిగిన చక్కెర ఎంతోసేపు నిలవదు, నరంలోకి డెక్స్ట్రోజ్ (చక్కెర ద్రావణం) ఎక్కించవలసి రావచ్చు.

ఇక అత్తయ్యగారికి ఒక విన్నపం. ఆమె ప్రేమను నేను శంకించడం లేదు. ఆ చేతులు ఎంతమంది పిల్లల్ని పెంచాయో! కానీ కుక్కపిల్లను వెల్లకిలా పడుకోబెట్టి పోయడం ఈ క్షణం నుంచి ఆపేయాలి. వెల్లకిలా ఉన్నప్పుడు నోట్లో పోసింది గొంతులోకి తనంతట జారుతుంది, మింగాలో వద్దో నిర్ణయించుకునే వీలు పిల్లకు ఉండదు. ఒక్క గుక్క శ్వాసనాళంలోకి పోయినా న్యుమోనియా రావచ్చు. పార్వో నుంచి బయటపడిన పిల్లను ఇలా పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఇప్పటికే జున్ను దగ్గుతున్నా, ముక్కులోంచి పాలన్నం వచ్చినా, పడుకున్నప్పుడు డొక్కలు ఎగరేస్తున్నా ఈ రోజే డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు మీరు అడిగిన దగ్గరికి వద్దాం. జున్ను తినకపోవడానికి మొండితనం కారణం కాదు. మూడు నెలల పిల్ల అలిగి అన్నం మానదు. నా అంచనాలో నాలుగు సంగతులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

మొదటిది వికారం. వాంతులు ఆగినంత మాత్రాన కడుపులో తిప్పడం ఆగినట్టు కాదు. పార్వో పేగు లోపలి పొరను చెరిచేస్తుంది. అది మళ్లీ మొలవడానికి రోజులు పడుతుంది. ఈ రాత్రి తిండి ముందు పెట్టి, ముట్టుకోకుండా పక్కన కూర్చుని దాని మొహం గమనించండి. పదే పదే పెదవులు నాక్కుంటోందా? నోట్లో ఏమీ లేకుండానే గుటకలు వేస్తోందా? చొంగ కారుతోందా? వాసన తగలగానే తల పక్కకు తిప్పేస్తోందా? ఇవి కనిపిస్తే తిండి తీసేయండి, బతిమాలవద్దు. వికారంలో ఉన్నప్పుడు బలవంతంగా పెట్టిన పదార్థాన్ని కుక్క గుర్తుపెట్టుకుని, తర్వాత ఆరోగ్యంగా ఉన్నా దాన్ని అసహ్యించుకుంటుంది. డాక్టరును అడిగితే వాంతికి, వికారానికి కుక్కలకు వాడే మందు ఇస్తారు. దానితోనే సగం పిల్లలు తినడం మొదలుపెట్టడం నేను చూస్తుంటాను. ఇంట్లో మనుషుల వాంతి మాత్ర ఉంది కదా అని ముక్క విరిచి వేయకండి. జ్వరానికి పారాసిటమాల్, నొప్పికి ఐబుప్రోఫెన్ అసలే వద్దు. రెండోది ఇంత చిన్న పిల్లకు విషంతో సమానం.

రెండోది మందుల చేదు. ఇలాంటి విరేచనాలకు తరచుగా రాసే మెట్రోనిడజోల్ ఎంత చేదంటే, నాలుకకు తగలగానే పిల్ల నోటి నిండా నురగ తెచ్చుకుంటుంది. దాన్ని పాలన్నంలో కలిపి పోస్తే ఇక పాలన్నం గిన్నె కనబడ్డా అదే చేదు గుర్తొస్తుంది. మీరు కలుపుతున్నారో లేదో ఉత్తరంలో రాయలేదు. కలుపుతుంటే మాత్రం ఈ పూట నుంచే మానండి. మందు మానమనడం లేదు, అది పూర్తిగా వాడవలసిందే. తిండి పెట్టే చోట కాకుండా వేరే గదిలో, తిండి పెట్టే మనిషి కాకుండా వేరొకరు మందు వేయాలి. వేశాక నాలుకకు కాస్త తేనె రాస్తే చాలు. ఇంత చేదు లేని మందు దొరుకుతుందేమో డాక్టరును అడగడానికి మొహమాటపడకండి.

మూడోది నోరు, ముక్కు. పెదవి పైకెత్తి చిగుళ్లు, నాలుక అంచులు, అంగిలి చూడండి. పుండ్లు ఉండవచ్చు. అంగిలికి అడ్డంగా చిన్న ఎముక ముక్కో, చేప ముల్లో ఇరుక్కుని ఉండవచ్చు. షిట్జుది అసలే చప్పిడి ముక్కు. కాస్త చీమిడి ఎండి అడ్డుపడితే వాసన తెలియదు, వాసన తెలియని కుక్కకు ఆకలి పుట్టదు. గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో తిండికి ముందు ముక్కు తుడవండి. మూతి చుట్టూ వెంట్రుకల్లో ఎండిపోయిన పాలన్నం పులిసి వాసన కొడుతూ ఉంటుంది. దానికి రోజంతా ఆ వాసనే. తడిగుడ్డతో మెత్తబరిచి తీసేసి, పొడిగా తుడిచి, ముద్దలు కట్టిన వెంట్రుకల్ని జాగ్రత్తగా కత్తిరించండి. ఈ ఒక్క పని చేసినా మార్పు కనబడుతుంది.

నాలుగోది భయం. తిండి అంటే ఎవరో పట్టుకోవడం, నోరు తెరవడం, ఊపిరి ఆడకపోవడం అని మూడు రోజుల్లో జున్ను నేర్చుకుంది. ఇది పోవడానికి మీ ఓపిక తప్ప వేరే మందు లేదు.

పాలన్నం మానేయండి. గేదె పాలలో నూటికి సుమారు ఏడు పాళ్లు కొవ్వు, ఆపైన లాక్టోజ్ అనే పాల చక్కెర. దెబ్బతిన్న పేగుకు ఆ రెండూ అరగవు, విరేచనాలు తిరగబెడతాయి. మన గోదావరి జిల్లాల్లో కుక్కపిల్ల అనగానే పాలన్నమే గుర్తొస్తుంది గానీ, తల్లి పాలు మరిచిన పిల్లకు కావలసింది మాంసం. చర్మం, ఎముక లేని కోడి మాంసం వంద గ్రాములు ఉత్త నీళ్లలో ఉడకబెట్టండి. ఉప్పు, పసుపు, అల్లం ఏమీ వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలు దగ్గరికి రానివ్వకండి, అవి కుక్కల ఎర్ర రక్తకణాల్ని పగలగొడతాయి. “కోడికూర పులుసు రెండు చుక్కలు వేస్తే ఆశగా తింటుంది” అని ఎవరైనా అంటే అందుకే వద్దంటాను. ఉడికిన మాంసాన్ని వేళ్లతో పీచులు పీచులుగా తీసి, ఇంకా చిన్నగా నలిపి, ఒక వంతు మాంసానికి రెండు వంతులు మెత్తగా ఉడికిన అన్నం కలిపి, ఆ ఉడికిన నీళ్లతోనే జారుగా చేయండి. మణికట్టు లోపలి వైపు ఒక చుక్క వేసుకుంటే గోరువెచ్చగా తగలాలి. చల్లారిన తిండికి వాసన రాదు, మరీ వేడిదైతే నోరు కాలి మళ్లీ భయపడుతుంది.

మీరున్న చోట మంచి చేప దొరుకుతుంది కాబట్టి అదీ ప్రయత్నించవచ్చు. కొరమీను గానీ పండుగప్ప గానీ ఉత్త నీళ్లలో ఉడికించి, ముద్దను వేళ్ల మధ్య నలుపుతూ ముల్లు ఒక్కటీ లేదని తేల్చుకున్నాకే పెట్టండి. కోడి వాసనకు తల తిప్పిన పిల్లలు చేప వాసనకు లేచి వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఎండుచేప ఉప్పు, అది వద్దు. కొబ్బరినీళ్లు పోస్తున్నామని కోనసీమ నుంచి చాలామంది చెబుతారు. ఒకటి రెండు చెంచాలు తాగితే నష్టం లేదు గానీ, దాన్ని తిండిలో లెక్కవేయకండి. అందులో ఉన్నవి దాదాపు అన్నీ నీళ్లే, మాంసకృత్తులు లేనట్టే. పెరుగు విరేచనం పూర్తిగా గట్టిపడ్డాక ఒక చెంచాతో మొదలుపెట్టవచ్చు.

ఎంత పెట్టాలన్న లెక్క మీరు అడగలేదు కానీ అదే మీకు ధైర్యం ఇస్తుంది. జున్ను బరువుకు ప్రాణం నిలవడానికే రోజుకు సుమారు 80 కిలోక్యాలరీలు కావాలి. మళ్లీ ఎదగాలంటే 200 దాకా కావాలి. పైన చెప్పిన మాంసం అన్నం జారుగా చేసినప్పుడు ఇంచుమించు గ్రాముకు ఒక కిలోక్యాలరీ వస్తుంది. అంటే మొదట మీ గురి రోజంతా కలిపి 80 గ్రాములు మాత్రమే. ఆరేడు సార్లుగా పంచితే ఒక్కోసారికి పన్నెండు, పద్నాలుగు గ్రాములు, సుమారు మూడు చెంచాలు. ఖాళీగా ఉన్న పేగుకు ఒకేసారి ఎక్కువ పడినా ఇబ్బందే కాబట్టి మొదటి రోజు అందులో సగం ఎక్కినా సంతోషించి, రోజురోజుకూ పెంచండి. అలా సగమే ఎక్కుతోందంటే ఆ మాట డాక్టరు చెవిన వేసి ఉంచండి. పగలు మూడు గంటలకొకసారి, రాత్రి నాలుగు గంటలకు మించి ఎడం రాకుండా చూడండి. పదిన్నరకు ఒకసారి, రెండున్నరకు అలారం పెట్టుకుని లేచి ఒకసారి, మళ్లీ ఆరింటికి. కొన్నాళ్ల నిద్ర పోతుంది, తప్పదు.

పెట్టే పద్ధతి ఇది. ప్రతిసారీ ముందు చూపించాలి, తర్వాతే సిరంజి. స్టీలు గిన్నె వద్దు. లోతైన గిన్నెలో చప్పిడి మూతి దిగదు, అంచులు కళ్లకు తగులుతాయి, నేల మీద జరిగి చప్పుడు చేస్తుంది. బల్లపరుపుగా ఉన్న సాసరు తీసుకుని కింద తడిగుడ్డ వేస్తే కదలదు. ఇంట్లో అందరూ చుట్టూ చేరకండి. టీవీ ఆపి, మూలగా ఉన్న గదిలో, జున్నుకు ఎక్కువ చనువున్న ఒక్కరే నేల మీద కూర్చోండి. సాసరులో ఒక్క చెంచా తిండే పెట్టండి. నిండుగా పెడితే వికారంగా ఉన్న పిల్ల చూడగానే వెనక్కి పోతుంది. పిలవకండి, మూతి దగ్గరకు తోయకండి, దాని మొహంలోకి చూస్తూ కూర్చోకండి. పక్కకు తిరిగి మీ పని మీరు చేసుకుంటూ ఉండండి. వచ్చి వాసన చూసి వెళ్లిపోయినా అది మొదటి మెట్టే. రెండోసారి వస్తే వేలి చివర మిరియపు గింజంత అద్దుకుని, సాసరు పక్కన వేలు ఆనించి ఉంచండి. నాకితే మరో మిరియపు గింజంత. వేలు ప్రతిసారీ కాస్త కాస్త సాసరు వైపు జరగాలి. ఆఖరికి వేలు సాసరులోనే ఉంటుంది, నాలుక తిండికి తగులుతుంది. అప్పుడు వేలు మెల్లగా తీసేయండి. ఈ కాస్త దూరం దాటడానికి ఒక్కో పిల్లకు ఒక్క పూట సరిపోతుంది, ఒక్కోదానికి మూడు రోజులు పడుతుంది. పది నిమిషాలు చూసి, మిగిలింది తీసి పారేయండి. మన ఉక్కపోతలో బయట ఉన్న మాంసం గంటల్లో పాడవుతుంది, చీమలు సరేసరి. తినలేదని ఆ పూటే కోడి తీసి చేప, చేప తీసి గుడ్డు అంటూ వరసగా మార్చకండి. ఒకసారి రెండు మూడు రకాలు చిటికెడు చిటికెడు పక్కపక్కన పెట్టి దేని వైపు మూతి పెడుతుందో చూసి, రెండు రోజులు దాన్నే కొనసాగించండి.

ఎండాకాలమైతే తెల్లవారుజామున, చీకటిపడ్డాక పెట్టే పూటలకు ఎక్కువ ఆశ పెట్టుకోండి, మిట్టమధ్యాహ్నం ఏ కుక్కకూ తినబుద్ధి కాదు. వానలప్పుడు నేల చెమ్మగా ఉంటే గోనెసంచి మీద పాత చీర మడతలు వేసి పడుకోబెట్టండి. ఒళ్లు చల్లబడ్డ పిల్లకు తిండి పెట్టవద్దు, అరగదు. మలద్వారంలో పెట్టి చూసే డిజిటల్ థర్మామీటరులో మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి. 99 కంటే తక్కువుంటే ముందు వెచ్చబరిచి డాక్టరుతో మాట్లాడండి.

చూపించినప్పుడు తిన్నది పోను, ఆ పూటకు ఎంత తగ్గిందో అంతే సిరంజితో ఇవ్వండి. రెండు చెంచాలు నాకితే సిరంజిలో ఒక చెంచా. మూడూ నాకితే ఆ పూట సిరంజి బయటకే తీయవద్దు. జున్నుకు అర్థమయ్యే లెక్క అది. సిరంజి పట్టేటప్పుడు సూది లేని ఐదు మిల్లీలీటర్ల సిరంజి వాడండి. బల్ల మీద గుడ్డ పరిచి, పిల్లను నాలుగు కాళ్ల మీద నిలబెట్టండి, లేదా బోర్లా పడుకోబెట్టండి. తల నేలకు సమాంతరంగా ఉండాలి, పైకెత్తకండి. నోరు తెరవవలసిన పని లేదు. పెదవి మూలలో, చెంపకూ పళ్లకూ మధ్య సంచిలాంటి చోటు ఉంటుంది. సిరంజి కొస అక్కడ పెట్టి అర మిల్లీలీటరు వదిలి ఆగండి. గొంతు కదిలి మింగినట్టు కనిపించాకే మరో అర. గింజుకుంటే ఆపేసి అరగంట తర్వాత చూడండి. కొట్లాట దాకా వెళ్తే ఆ పూట ఎక్కిన రెండు చెంచాల కంటే పెరిగిన భయమే ఎక్కువ. సిరంజి ఎక్కడ పడుతున్నారో అక్కడ సాసరు పెట్టకండి. అత్తయ్యగారికి సాసరు దగ్గర కూర్చునే పని అప్పగించమని నా సలహా. ఆమె చేయి అంటే పిల్లకు పట్టిన భయాన్ని ఆమె చేయే పోగొట్టాలి.

రోజూ ఉదయం తిండికి ముందు, వంటింట్లో పిండి తూచే డిజిటల్ కాటా మీద జున్నును పెట్టి బరువు రాయండి. పక్కనే తనంతట తాను ఎన్ని చెంచాలు తిన్నదీ, సిరంజితో ఎన్ని ఇచ్చిందీ రాయండి. డాక్టరు చూసి చెప్పగలిగేది ఆ కాగితాన్ని బట్టే. బరువు నిలకడగా ఉండి, సొంతంగా తినేది కొంచెమైనా పెరుగుతుంటే మీకు తొందర లేదు, ఓపిక పట్టవచ్చు. రెండు రోజులు వరసగా తగ్గినా, ఈ పద్ధతి మొదలుపెట్టాక నలభై ఎనిమిది గంటల్లో ఒక్క నాకుడు కూడా లేకపోయినా తిరిగి పాలకొల్లు వెళ్లండి. చించినాడ వంతెన దాటితే చేరిపోయే దూరమే కదా. వాంతులు మళ్లీ మొదలైతే, పొట్ట ముడితే ఏడిస్తే, చిగుళ్లు పాలిపోతే, పచ్చబడితే, విరేచనం నల్లగా తారులా వస్తే అన్నాళ్లు ఆగకండి, ఆ గంటే వెళ్లండి. పార్వో తర్వాత పేగు ఒక ముక్క పక్క ముక్కలోకి దూరిపోవడం పిల్లల్లో జరుగుతుంటుంది, దానికి ఆపరేషన్ తప్ప దారి లేదు. పేగుల్లో ఉండే కొంకిపురుగులు రక్తం తాగేస్తున్నా చిగుళ్లు పాలిపోతాయి. ముక్కులోంచి కడుపుకు సన్నని గొట్టం వేసి తిండి పంపుదామని డాక్టరు అంటే భయపడి వద్దనకండి. రోజుకు పదిసార్లు నోరు తెరవడం కంటే అదే పిల్లకు సుఖం, కావలసినంత తిండి పోతుంది, తేరుకోగానే తీసేస్తారు. దగ్గర్లో ఆ వసతి లేకపోతే విజయవాడ పక్కన గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఇంటి దగ్గరే అత్యవసరం పడితే రాష్ట్ర సంచార పశువైద్య సేవ నంబరు 1962కు ఫోను చేసి, మీ మండలంలో అందుబాటులో ఉన్న డాక్టరును అడగండి. ఆకలి టానిక్కులని మందుల షాపులో ఇచ్చే సీసాల మీద డబ్బు పెట్టకండి.

మీ ఊరి పరిసరాల వల్ల ఇంకో మాట. పొలాల్లో ఎలుకలకు బియ్యంలోనో నూకల్లోనో మందు కలిపి బొరియల దగ్గర పెడతారు. కోలుకుంటున్న పిల్లను గాలికి తిరగనిమ్మని గట్ల మీద వదలకండి. వరద నీరు, కాలువ చెమ్మ ఉన్న చోట ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ వస్తుంది. కుక్కకు వస్తే చిగుళ్లు పచ్చబడతాయి, దాని మూత్రం నుంచి మనుషులకూ అంటుతుంది. జున్ను మూత్రం, విరేచనం తీసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి.

నలభై రోజుల పిల్లను మీకు అమ్మినవాళ్ల మీద నాకు కోపం వస్తోంది. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లి దగ్గర, తోబుట్టువులతో పోటీపడుతూ తినడం నేర్చుకునే వారాలవి. వాటిని కోసేసి బస్సెక్కిస్తే, తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గుతూ సొంత రక్షణ ఇంకా రాని సమయంలో ప్రయాణపు ఒత్తిడి పడుతుంది. మీరు తెలియక కొన్నారు. మీ చుట్టాల్లో ఎవరైనా పిల్లను తెచ్చుకోవాలనుకుంటే ఈ మాట చెప్పండి.

జున్ను వరసగా నాలుగైదు రోజులు సిరంజి లేకుండా తిన్నదంటే, ఆ మాంసం అన్నంలో కుక్కపిల్లల కోసం తయారుచేసిన తిండిని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి చెంచా చొప్పున కలుపుతూ, వారం పది రోజుల్లో పూర్తిగా దాని మీదకు మార్చండి. కోడి, అన్నం ఎల్లకాలం చాలవు, వాటిలో ఎముకకు కావలసిన కాల్షియం లేదు. అప్పటికీ రోజుకు నాలుగు పూటలు పెట్టండి, నాలుగు నెలలు నిండేదాకా తగ్గించవద్దు. జబ్బు చేసినప్పుడు అది పడుకున్న గుడ్డలు కాల్చేయండి. గచ్చును సబ్బుతో కడిగి, ఒక వంతు ద్రవ రూపంలో దొరికే బ్లీచుకు ముప్పై వంతులు నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచి కడగండి, ఆరేదాకా పిల్లను రానివ్వకండి. పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది కాబట్టి మీ పెరట్లోకి టీకాలు పూర్తికాని మరో కుక్కపిల్లను ఏడాది దాకా తేకండి. జున్నును కూడా ఒక నెల వరకు వేరే పిల్లల దగ్గరికి తీసుకువెళ్లవద్దు. పార్వో వచ్చి తగ్గింది కదా అని మిగతా టీకాలు వదిలేయకండి, డిస్టెంపర్, లెప్టో, రేబిస్ జబ్బుల ముప్పు అలాగే ఉంది. బరువు 1,600 దాటిన రోజున ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి, నట్టల మందుకు, మిగిలిన టీకాలకు తేదీలు రాయించుకోండి.